విశాఖలో ఆర్కిటెక్టును ఎంచుకునే ముందు ఆల్బమ్ మూసి డాబా ఎక్కండి

ఏ ఆర్కిటెక్చర్ ఆఫీసుకు వెళ్ళినా ముందు కాఫీ వస్తుంది, దాని వెనకే ఆల్బమ్ వస్తుంది. ఈ మధ్య ఆల్బమ్ బదులు ట్యాబ్ చేతికిస్తున్నారు. అందులో విల్లాలు, క్లినిక్కులు, కల్యాణ మండపాలు, కొత్త రంగులు పూసుకున్న పాత బంగళాలు ధగధగలాడుతూ ఉంటాయి. ఆ ఫోటోలన్నీ గృహప్రవేశానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా తీసినవే. అప్పటికి ఆ గోడలకు ఒక్క మేకు దిగలేదు, ఆ డాబా మీద ఒక్క వాన పడలేదు. వాటిని చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళను ఏటా చూస్తూనే ఉన్నాను.

నేను ఆర్కిటెక్టును కాను. సైట్ ఇంజనీర్‌గా ఆర్కిటెక్టుల దగ్గర చాలాకాలం పనిచేసి, ఇప్పుడు పాత ఇళ్ళ మరమ్మతులు చూసుకుంటున్నాను. వాళ్ళు గీసినవి పదేళ్ళ తర్వాత ఎలా ఉంటాయో చూడటమే నా వృత్తి. కొత్త ఇల్లు కట్టించుకోవాలనో, తాతల నాటి ఇల్లు బాగుచేయించాలనో అనుకుని, ఏ సంస్థకు అప్పగించాలో తేలక తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ ఊళ్ళో ఒక సంస్థ పనితనం తెలియాలంటే వాళ్ళు కట్టి ఐదారు వానాకాలాలు దాటిన కట్టడాన్ని చూడాలి. అదీ ముందువైపు నుంచి కాదు.

"ఈ ఊళ్ళో" అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సముద్రం మీదినుంచి వచ్చే గాలిలోని ఉప్పు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా లోపలికి దిగి చువ్వను చేరుతుంది. తుప్పుగా మారిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాలకు వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 456 సముద్రతీరపు గాలి నేరుగా తగిలే కాంక్రీటును తీవ్ర స్థితి కింద లెక్కకట్టి, కనీసం ఎం30 అనే బలం గ్రేడు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, ఉండాలంటుంది. మన ఇళ్ళ శ్లాబుల కింద నిజంగా ఎంత కవరు ఉంటుందని ఏ సెంట్రింగ్ మేస్త్రీని అడిగినా నవ్వి ఊరుకుంటాడు. హైదరాబాదులో చెల్లిపోయే అశ్రద్ధ ఇక్కడ చెల్లదు.

ఏ చిరునామాలు అడగాలి

ఆఫీసులో కూర్చున్నప్పుడే మూడు చిరునామాలు అడగండి. సముద్రానికి కిలోమీటరు లోపల కట్టి ఐదేళ్ళు దాటినది ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చేనాటికే నిలబడి ఉన్నది ఇంకొకటి. పాత కట్టడాన్ని బాగుచేసినది మూడోది. దానికి పనికి ముందు తీసిన ఫోటోలు, కొలతల డ్రాయింగులు కూడా కావాలని చెప్పండి. మూడోది అడగగానే చాలా ఆఫీసుల్లో సందడి తగ్గుతుంది. పాత ఇంటిని కొలవకుండా, ఎక్కడ ఏ పగులు ఉందో గుర్తించకుండా నేరుగా పడగొట్టే పనికి దిగినవాళ్ళ దగ్గర "తర్వాత" ఫోటోలే ఉంటాయి, "ముందు" ఫోటోలు ఉండవు.

"క్లయింట్లు ఒప్పుకోరండీ" అంటారు. అది కొంతవరకు నిజమే, ఎవరి పడకగదుల్లోకో మనం వెళ్ళలేం. అలాంటప్పుడు వాళ్ళు కట్టిన క్లినిక్కో, బడో, హోటలో, ఎవరైనా నడిచి వెళ్ళగలిగేది చెప్పమనండి. కొత్తగా ఆఫీసు పెట్టిన కుర్రవాళ్ళయితే ఐదేళ్ళ కట్టడం ఉండదు. అంతమాత్రాన వాళ్ళను కాదనుకోకండి. ఇప్పుడు నడుస్తున్న సైటుకు తీసుకెళ్ళమనండి. శ్లాబు వేసే ముందు రోజు వెళ్ళి, చువ్వల కింద కవరు బ్లాకులు ఉన్నాయా, లేక కంకర రాళ్ళు దోపారా చూడండి. ఆ ఒక్క చూపుతో ఆ కుర్రవాడు డ్రాయింగు ఇచ్చి ఇంట్లో కూర్చునే రకమో, సైటులో నిలబడే రకమో తెలిసిపోతుంది.

అక్కడికి వెళ్ళాక

మొదటిసారి ఆర్కిటెక్టును వెంటపెట్టుకుని వెళ్ళకండి. వీలైతే అక్టోబరు, నవంబరు నెలల్లో వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి. గేటు దగ్గరే ఆగి, కిటికీ పైనున్న సన్‌షేడ్ అడుగు భాగాన్ని చూడండి. అంచుకు రెండంగుళాలు లోపలగా, వేలు పట్టేంత గాడి ఒకటి పొడవునా ఉండాలి. వాన నీరు అంచు దగ్గర కింద పడిపోదు. అంచు చుట్టూ మళ్ళి, అడుగు భాగాన్ని పట్టుకుని గోడదాకా పాకుతుంది. గాడి ఉంటే అక్కడ దాని దారి తెగి, చుక్కలుగా కింద పడుతుంది. గాడి గోడను తాకే వరకు పోకూడదు, రెండంగుళాల ముందే ఆగాలి. లేకపోతే నీటిని గోడలోకి మనమే తోవ చూపి పంపినట్టు. గాడి లేని ఇళ్ళను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు, కిటికీ పై మూలల నుంచి కిందికి నల్లని చారలు మీసాల్లా వేలాడుతుంటాయి. ఆ గాడి తీయడానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. ప్లాస్టరింగ్ చేసేటప్పుడు ఒక బద్ద అడ్డం పెట్టి తీసేస్తే సరిపోతుంది. దాన్ని డ్రాయింగులో వెయ్యాలన్న ఆలోచన, వేసింది జరిగిందో లేదో చూసే ఓపిక, ఈ రెండే కావాలి. అందుకే నేను ఆల్బమ్‌లోని మెట్ల హాలు కన్నా సన్‌షేడ్ అడుగునే ఎక్కువ నమ్ముతాను.

తర్వాత డాబా. ఒక బకెట్ నీళ్ళు అడిగి తూముకు ఎదురుమూలన పోయండి. వాటం బాగుంటే నీళ్ళు తడబడకుండా తూము దారి పడతాయి. పది అడుగులకు అంగుళంన్నర వాటం ఉంటే చాలు. మధ్యలో మడుగు కట్టి అక్కడే ఆరిపోతే, కింద గది సీలింగ్ మీద ఆ మడుగు ఆకారంలోనే మచ్చ ఉంటుంది, వెళ్ళి చూసుకోండి. పిట్టగోడ పై అంచు లోపలికి, అంటే డాబావైపు, వాలి ఉండాలి. బయటికి వాలితే ముందుగోడంతా మురికి చారలే.

రెయిలింగులను తాకి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని అనుకుంటారు గానీ, బీచ్ రోడ్డు పక్క 304 రకం వేస్తే గోధుమరంగు మచ్చలు తేలతాయి, ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల దగ్గర. సముద్రానికి దగ్గరగా 316 రకం వాడాలి. కొందరు అయస్కాంతం పెట్టి పరీక్షిస్తారు. దానితో ఈ రెండింటికీ తేడా తెలియదు. బిల్లు మీద ఏ రకం రాశారో అడగండి, వెల్డింగులు రుద్ది పాలిష్ చేశారో లేదో కళ్ళతో చూడండి.

ఏసీ బయటి యూనిట్లు ఎక్కడ పెట్టారో చూడటం నాకొక అలవాటు. ముందుగోడకు ఎక్కడపడితే అక్కడ బిగించి ఉంటే, డిజైన్ చేసినవారికి ఆ ఇంట్లో మనుషులు ఉంటారన్న ఊహ రాలేదని అర్థం. చేయి చాచి శుభ్రం చేయగల చిన్న గూడు ముందే వదిలి ఉంటే ఆ ఆఫీసుకు ఇంకో అరగంట కేటాయించవచ్చు.

ఇక వాచ్‌మన్. అపార్టుమెంటు చరిత్ర అతనికి తెలిసినంతగా అసోసియేషన్ సెక్రటరీకి తెలియదు. "బాబూ, గట్టి వాన పడితే ముందు ఏ ఫ్లాటు వాళ్ళు నీకు ఫోన్ చేస్తారు?" అని అడిగితే చాలు. ఎండాడ దగ్గర ఒక అపార్టుమెంటులో ఇలాగే అడిగితే, "పైవాళ్ళు కాదమ్మా, రెండో అంతస్తు మూల ఫ్లాటు వాళ్ళు. బాత్‌రూము పైపు గోడలోపల ఉంది, తవ్వితేగాని తెలీదట" అన్నాడు. పైపులను తలుపున్న షాఫ్టులో పెట్టారా, గోడలో పాతిపెట్టారా అన్న విషయం ఆ సంస్థ ఎన్ని అవార్డులు గెలిచిందన్నదాని కన్నా మీకు పనికొస్తుంది.

ఇంటివాళ్ళను "ఇల్లు నచ్చిందా?" అని అడగకండి. కోటి రూపాయలు పెట్టినవాళ్ళు నచ్చలేదని చెప్పరు. "పోయిన మే నెలలో కరెంటు పోతే ఏ గదిలో పడుకున్నారు?" అని అడగండి. ఇక్కడ గాలి ఎటునుంచి వస్తుందో తెలిసి కట్టిన ఇంటికి జవాబు వెంటనే వస్తుంది. మన తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కనుక, సముద్రం సరిగ్గా తూర్పున కాదు, ఆగ్నేయాన ఉంటుంది. వాస్తు ప్రకారం ఆగ్నేయం వంటగదిది. దాంతో చాలా ఇళ్ళలో మధ్యాహ్నపు సముద్రపు గాలి మొత్తం గ్యాస్ పొయ్యికి దక్కుతుంది, హాల్లో కూర్చున్నవాళ్ళకు పోపు వాసన దక్కుతుంది. వాస్తును కాదనమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. వంటగదిని ఆ మూలలోనే ఉంచి, దాని పక్కనుంచి దక్షిణపు కిటికీ గుండా గాలిని హాలుకు తెచ్చిన ప్లాన్లు చూశాను. ఆ ముడి విప్పినవాళ్ళే డిజైనర్లు.

గాజు ముఖాల గురించి

మధురవాడ, రుషికొండ వైపు గాజు ముందుగోడల మోజు పెరిగింది. గాలి ఒత్తిడి లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ నాడు ఆ అంకె కాగితం మీదిది కాదని ఊరంతా చూసింది. గాజు పెట్టే సంస్థను రెండే అడగండి: గాజుకు, దాన్ని పట్టే ఫ్రేముకు గాలి ఒత్తిడి లెక్క ఎవరు కట్టారు, ఆ కాగితం ఉందా? పై అంతస్తుల్లో వాడింది లామినేటెడ్ గాజేనా? లామినేటెడ్ అయితే పగిలినా లోపలి పొరకు అంటుకుని ఉంటుంది, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ నెత్తిన పడదు. మామూలు ఇళ్ళ జరుపుడు కిటికీలకైతే, కింది పట్టీలో నీరు బయటికి పోయే చిల్లులు తెరిచి ఉన్నాయో లేదో చూస్తే చాలు. సిమెంటుతో పూడ్చేసినవే ఎక్కువ కనిపిస్తాయి.

పాత ఇంటిని బాగుచేసిన పనిని ఎలా చదవాలి

అసలు కష్టం ఇక్కడుంది, ఎందుకంటే చెడ్డ మరమ్మతు కూడా రెండేళ్ళపాటు అందంగానే కనిపిస్తుంది.

వన్‌టౌన్, మహారాణిపేట, భీమిలి వైపు మిగిలిన పాత ఇళ్ళు ఎక్కువగా సున్నంతో కట్టినవి. గోడలు అడుగున్నర మందం, పైన టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్. ఈ గోడలు నేలలోని చెమ్మను పీల్చుకుంటాయి, సున్నపు పూత గుండా గాలికి వదిలేస్తాయి. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పైన ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. ఉప్పుతో కలిసి గోడలోనే పైకెక్కి, నడుము ఎత్తులో తెల్లగా పొడి రాలుతుంది, రంగు పొక్కులు లేస్తుంది. అందుకే ఏ సంస్థ అయినా "పాత ఇల్లు పునరుద్ధరించాం" అని చెబితే, నేరుగా వెళ్ళి సోఫా వెనక, బీరువా పక్క, నేలకు మూడడుగుల ఎత్తులో చూడండి. అక్కడ హఠాత్తుగా టైల్సో, చెక్క పలకలో అతికించి ఉంటే, అది అలంకారం అయ్యుండవచ్చు, మచ్చకు ముసుగు అయ్యుండవచ్చు. వేళ్ళ కణుపులతో తట్టండి. డొల్లగా మోగితే ముసుగేమోనని అనుమానించాలి.

సరైన పద్ధతి నిదానమైనది. సిమెంటు పూత పూర్తిగా కొట్టేసి, ఎండాకాలం అంతా గోడను ఆరనిచ్చి, మళ్ళీ సున్నంతోనే పూయాలి. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, రోజు కూలి కూడా ఎక్కువే. ఆర్కిటెక్టు ఆ మేస్త్రీని వెతికి తెచ్చాడా, లేక "ఇప్పుడెవరు చేస్తారండీ" అన్నాడా అన్నదే తేడా.

దూలాల సంగతి ఇంకా ముఖ్యం. టేకు దూలం నడుమ భాగం నూరేళ్ళయినా గట్టిగానే ఉంటుంది. పాడయ్యేది గోడలో పాతిన కొస. అక్కడ చెమ్మ తగులుతుంది, గాలి ఆడదు. గోడను దూలం కలిసేచోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే మంచి టేకులోకి మొన దిగదు, కుళ్ళినదాంట్లోకి అంగుళం దిగిపోతుంది. ఈ పని చేయకుండానే కిందినుంచి తలెత్తి చూసి "అంతా పడగొట్టి ఆర్‌సీసీ వేద్దాం" అనేవాళ్ళు చాలామంది. మహారాణిపేటలో ఒక ఇంట్లో దూలాలన్నింటినీ ఇలా పొడిచి చూసి, కుళ్ళిన కొసలు మాత్రమే కోసి, జింకు పూత పట్టించిన ఉక్కు పట్టాలతో మిగతా దూలాన్ని గోడకు ఆనించారు. ఆ పట్టాలను దాచలేదు కూడా, నల్లరంగు వేసి కనబడేలా వదిలేశారు. ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలుస్తుంది. ఆ పని చేసిన సంస్థ ఆల్బమ్‌లో ఆ ఫోటో చివరి పేజీలో ఉంది; నా మటుకు అది మొదటి పేజీలో ఉండాల్సింది.

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం డచ్ బంగళాగా పేరున్న పాత కట్టడంలో నడుస్తోంది. పాత కట్టడానికి కొత్త పని అప్పగించడం ఎలా ఉంటుందో, గదుల ఎత్తు, గోడల మందం ఎంత చల్లదనాన్నిస్తాయో టిక్కెట్టు కొని చూసి రావచ్చు. ఆర్కిటెక్టుతో మాట్లాడేముందు మీ కళ్ళకు కొంత అలవాటు అవుతుంది.

పెచ్చులూడిన శ్లాబులు

సున్నపు ఇళ్ళున్నవాళ్ళు కొద్దిమంది. ఎక్కువమంది సమస్య నలభై ఏళ్ళ నాటి ఆర్‌సీసీ మేడ. ఎంవీపీ కాలనీలో, లాసన్స్ బేలో, పెదవాల్తేరులో ఈ పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ సంస్థను అడగాల్సింది ఒక్కటే: మరమ్మతుకు ముందు ఏ పరీక్షలు చేయించారు?

సుత్తి పరీక్ష ఒక్కటే చేయించామంటే చాలదు. అది పైపొర గట్టిదనాన్ని మాత్రమే చెబుతుంది. క్షారగుణాన్ని రంగుతో చూపించే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లి చూశామంటే మంచిదే. క్షారగుణం నిలిచిన కాంక్రీటు గులాబీరంగుకు మారుతుంది, పోయిన చోట రంగు రాదు. కానీ మన దగ్గర అసలు శత్రువు ఉప్పు, ఉప్పు ఎక్కిన కాంక్రీటు కూడా చక్కగా గులాబీరంగు చూపిస్తుంది. కనుక డ్రిల్లుతో వేర్వేరు లోతుల్లో పొడి తీసి క్లోరైడు పరీక్ష, అంటే ఉప్పు ఎంత చేరిందో చెప్పే పరీక్ష, చేయించాలి. కొత్తగా కలిపే ఆర్‌సీసీ కాంక్రీటులో ఘనపు మీటరుకు 0.6 కిలో మించి క్లోరైడు ఉండకూడదని ఐఎస్ 456 హద్దు పెట్టింది. దానితో పోల్చి చూస్తే మీ శ్లాబు ఎక్కడుందో అర్థమవుతుంది. చువ్వలో తుప్పు నడుస్తూ ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే హాఫ్‌సెల్ పరీక్ష కూడా ఉంది.

పని తీరు ఇలా ఉండాలి. పెచ్చు ఊడినంత మేర కాకుండా చువ్వ వెనక వేళ్ళు దూరేంత వరకు కాంక్రీటు కొట్టాలి, చువ్వను మెరిసేదాకా శుభ్రం చేయాలి, సన్నబడిన చువ్వకు తోడు చువ్వ కట్టాలి, పూత పూయాలి, ఆ తర్వాతే ఖాళీని పూడ్చే మరమ్మతు మిశ్రమం, పాలిమర్ మోర్టారో, మైక్రోకాంక్రీటో. ఇంత చేసినా ఒక చిక్కు ఉంది. కొత్తగా అతికిన చోట చువ్వ క్షేమంగా ఉంటుంది, దాని పక్కనే ఉప్పు నిండిన పాత కాంక్రీటులో తుప్పు మరింత జోరందుకుంటుంది. రెండేళ్ళ తర్వాత అతుకు చుట్టూ వలయంలా కొత్త పెచ్చులు లేస్తాయి. యజమాని మేస్త్రీని తిడతాడు. తప్పు పరీక్ష లేకుండా అతుకు వేయించినవారిది. ఈ సంగతి తెలిసిన సంస్థ అంచుల్లో జింకు ఆనోడ్లు, అంటే చువ్వకు బదులు తామే తరిగిపోయే జింకు ముక్కలు, పెట్టిస్తుంది, లేదా "ఈ శ్లాబుకు మరమ్మతు దండగ, మార్చండి" అని ముఖానే చెప్పేస్తుంది. అలా చెప్పినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి.

కాగితాలు

1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్టు అని పేరు పక్కన రాసుకోవాలి. నమోదు సంఖ్య సీఏ అక్షరాలతో మొదలవుతుంది, మధ్యలో సంవత్సరం ఉంటుంది. బోర్డు మీద కనపడకపోతే అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ వేరే ఉండాలి. ఆయన పేరు, సంతకం మీ ఒప్పందంలో కనపడాలి.

రంగులు, గచ్చు, ప్లాస్టరింగ్ వరకు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) దాకా పోనక్కర్లేదు. గది కలిపినా, అంతస్తు పెంచినా ప్లాను అనుమతి తప్పదు. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపలి స్థలమైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ఎత్తు పెంచేవాళ్ళు నౌకాదళ విమానాశ్రయం ఆంక్షలు కూడా చూసుకోవాలి. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అన్న మాట కాగితం మీద లేకపోతే లేనట్టే.

ఫీజును దశలవారీగా విడగొట్టండి: కొలతలు, పరీక్షల నివేదిక ఇచ్చాక కొంత, పని డ్రాయింగులు ఇచ్చాక కొంత, పని జరిగేకొద్దీ కొంత. సైటుకు ఎన్నిసార్లు వస్తారో, ఏ పనుల ముందు తప్పక వస్తారో రాయించుకోండి. శ్లాబు వేసేముందు, వాటర్‌ప్రూఫింగ్ పొర మీద టైల్స్ పరిచేముందు, గోడల్లో పైపులు మూసేముందు, ఈ మూడూ తప్పనిసరి.

ఆఖరి విడత మాత్రం ఒక ఫైలుకు కట్టేయండి. అందులో కట్టినది కట్టినట్టుగా గీసిన డ్రాయింగులు ఉండాలి. గోడలు మూయకముందు పైపులు, వైర్లు ఎక్కడెక్కడ పోయాయో టేపు పెట్టి తీసిన ఫోటోలు, వాడిన స్టీలు, రంగు, వాటర్‌ప్రూఫింగ్ రసాయనాల బిల్లులు, వారంటీ కాగితాలు కూడా ఉండాలి. ఆ ఫైలు చేతికి రాకుండా చెక్కు మీద సంతకం పెట్టకండి. డబ్బు అందాక ఆ డ్రాయింగులు గీసి ఇచ్చిన ఆఫీసు ఇంతవరకు నాకు తగల్లేదు.